అన్నయ్యకి పొద్దున 10, చెల్లికి తెల్లవారుజామున 3

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నకి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది, నా దగ్గరే ఉంటున్నారు. అన్నయ్య డల్లాస్‌లో, చెల్లి మెల్‌బోర్న్‌లో ఉంటారు. నాన్న విషయాలు మాట్లాడుకోవడానికి అన్నయ్య ప్రతి ఆదివారం వాళ్ల పొద్దున 10కి వీడియో కాల్ పెడతాడు. మొదట్లో మాకు రాత్రి 8:30 అయ్యేది, ఇప్పుడు 9:30. నవంబరు నుంచి చెల్లి కాల్‌కి రావడం మానేసింది. తను లేనప్పుడు మేడ మీద వాటా అద్దెకిచ్చి, ఆ డబ్బుతో నాన్నకి రాత్రిపూట మనిషిని పెడదామని మేమిద్దరం అనుకున్నాం. చెల్లి సామానంతా ఆ వాటాలోనే ఉంది. ‘నాకు చెప్పక్కర్లేదా’ అని అలిగి మాట్లాడటం లేదు. అన్నయ్యేమో ‘వారానికి ఒక్క గంట కూర్చోలేదా, అన్నీ సాకులు’ అంటాడు. టైము మారుద్దామంటే ‘నువ్వు ఇంట్లోనేగా ఉండేది, నీకేం ఇబ్బంది’ అంటాడు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. ఏం చేయను?

జవాబు: మీ చెల్లి చెప్పేది సాకు కాదు. ముందు ఆ సంగతి మీ అన్నయ్యకి లెక్కతో సహా తెలియాలి. సెప్టెంబరులో ఆయనకి ఆదివారం పొద్దున 10 అంటే ఆవిడకి అర్ధరాత్రి దాటాక 1. అక్టోబరు మొదటి ఆదివారం మెల్‌బోర్న్‌లో గడియారాలు గంట ముందుకి జరిపారు, 2 అయింది. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గంట వెనక్కి జరిపారు, 3 అయింది. మన దగ్గర గడియారం జోలికి ఎవరూ పోరు కాబట్టి మీకు ఒక్క గంటే తేడా వచ్చింది. అన్నయ్య గోడ మీద మాత్రం ఎప్పుడూ 10 గంటలే. తను ఏమీ మార్చలేదు గనక, ఏదో మారిందని ఆయనకి తోచలేదు. సోమవారం ఆఫీసుకి వెళ్లాల్సిన మనిషి తెల్లవారుజామున 3కి లేచి అద్దెల సంగతి మాట్లాడాలంటే ఎవరివల్లా కాదు. ఈ నాలుగు ముక్కలూ అన్నయ్యకి రాసి పంపండి. కోపంగా వద్దు, ఉత్త లెక్కే.

ఇక ‘ఇంట్లోనేగా ఉండేది’ అన్న మాట. మంచంలో ఉన్న మనిషికి స్నానం చేయించి, మందులు వేసి, వ్యాయామం చేయించే వాళ్లకి ముగ్గురిలోకీ తక్కువ ఖాళీ ఉంటుంది. అందుకే కాల్ టైము మీ రోజుని బట్టి పెట్టాలి, మిగతా ఇద్దరూ దానికి సర్దుకోవాలి. వెతికితే అందరికీ కుదిరే వేళ ఉంది కూడా. మన ఆదివారం పొద్దున 8 అనుకోండి. ఇప్పుడు డల్లాస్‌లో శనివారం రాత్రి 8:30, మెల్‌బోర్న్‌లో ఆదివారం మధ్యాహ్నం 1:30. మార్చి రెండో ఆదివారం దాటాక అన్నయ్యకి 9:30 అవుతుంది, ఏప్రిల్ మొదటి ఆదివారం నుంచి చెల్లికి 12:30. ఏడాది పొడుగునా ఎవరి నిద్రా చెడదు. మన టైము మారదు కాబట్టి దాన్నే ఖాయం చేసుకుని, ఫోన్ క్యాలెండర్‌లో టైమ్ జోన్ ‘కోల్‌కతా’ పెట్టి ఇద్దరికీ పంపండి. మిగతా లెక్క ఫోనే చూసుకుంటుంది. ‘ఆదివారం’ అని ఊరికే అనకండి, ‘గుంటూరు ఆదివారం’ అనండి. లేకపోతే అన్నయ్య ఒక రోజు ఆలస్యంగా వస్తాడు.

శనివారం రాత్రి అనగానే ఆయన గునుస్తాడు. అక్కడి మనవాళ్ల పుట్టినరోజులూ, పూజలూ, విందులూ అన్నీ ఆ రాత్రే. అది న్యాయమైన ఇబ్బందే. అందుకని ప్రతివారం వద్దు, పదిహేను రోజులకొకసారి చాలు. రాలేని వాళ్లు తమ మాట ముందే వాయిస్ మెసేజ్‌లో చెప్పాలి. డబ్బు, ఇల్లు, ఆస్పత్రి మార్చడం లాంటివి మూడో మనిషి జవాబు వచ్చేదాకా ఖాయం చేయకూడదు. అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తే మాత్రం మీరే నిర్ణయం తీసుకోండి, ఎవరి జవాబుకోసమూ ఆగొద్దు. ఈ మాట కూడా ముందే చెప్పి ఉంచండి.

మీ ఉత్తరంలో నాకు కనబడనిది నాన్నగారి మాట. ఇల్లు ఆయనది, ఒళ్లు ఆయనది. మాట ముద్దగా వచ్చినా సరే, మేడ వాటా సంగతి ఆయన్ని అడిగారా? రాత్రి 9:30కి ఆయన అలసిపోయి ఉంటారు, పొద్దున టిఫిన్ అయ్యాక అడిగి చూడండి. అన్నయ్య, చెల్లి నాన్నతో విడిగా, తమకి వీలైనప్పుడు కబుర్లకి ఫోన్ చేయాలి. ఆయన ముందే ఆయన గురించి ముగ్గురూ వాదించుకునే కాల్, ఆయనతో మాట్లాడినట్టు కాదు.

చెల్లికి ఈరోజే ఫోన్ చేయండి. అన్నయ్య తరఫున ఒక్క ముక్కా మాట్లాడొద్దు. ‘నిన్ను అడక్కుండా అనుకోవడం తప్పే, వాటా ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, మళ్లీ మాట్లాడదాం’ అనండి. ఒకవేళ అడ్వాన్స్ తీసుకుని ఉంటే అదీ దాచకండి.

గ్రూపులో ఇలా రాయండి: ‘అన్నయ్యా, నాన్న పనులు చూసుకుని నేను స్థిమితంగా కూర్చోగలిగేది ఆదివారం పొద్దున 8కి. నీకు శనివారం రాత్రి అవుతుంది. ఇకనుంచి అప్పుడే మాట్లాడుకుందాం.’ చివర ‘నీకు ఓకేనా?’ అని తగిలించకండి, మళ్లీ మొదటికొస్తుంది.

ఆయన కుదరదంటే చెల్లితో మాట్లాడి, అనుకున్నవి గ్రూపులో రాసిపెట్టండి, రెండు రోజుల్లో అభ్యంతరం చెప్పమనండి. రాత్రి 9:30 కాల్‌కి మాత్రం ఇక కూర్చోకండి. ఆ వేళకి మీరూ నాన్నగారూ భోంచేసి పడుకోవాలి కదా.