పాఠకుల ప్రశ్నలు: అడుగున అంకె, ముందు అంకె

ప్రశ్న: మా బిడ్డ పదో తరగతి. కాల్షియం ఆక్సైడ్‌ను సీఏ₂ఓ₂ అని రాస్తున్నది. అల్యూమినియం సల్ఫేట్‌కు బ్రాకెట్ పెట్టదు. సమీకరణం తుల్యం చేయమంటే ఫార్ములా లోపలి అంకెలే మార్చేస్తున్నది. ఇంట్ల ఎట్ల నేర్పాలె?
– ఒక తల్లి, నర్సంపేట

జవాబు: ఆవేశాలు (ఒక్కో అయాన్ మోసే ప్లస్, మైనస్ ఛార్జీలు) నోటికి రాకముందే, అటు అంకె ఇటు, ఇటు అంకె అటు దించే ఒడుపు పట్టుబడింది. అదీ చిక్కు. ముందు ఇవి ఎక్కాల్లా రావాలి: సోడియం, పొటాషియం, అమ్మోనియం +1, కాల్షియం, మెగ్నీషియం +2, అల్యూమినియం +3, క్లోరైడ్, హైడ్రాక్సైడ్, నైట్రేట్ −1, ఆక్సైడ్, సల్ఫేట్, కార్బొనేట్ −2, ఫాస్ఫేట్ −3.

కాల్షియం +2, ఆక్సైడ్ −2. ఒకటికి ఒకటి సరిపోయింది, సీఏఓ. అంకెలు దించితే 2, 2 వస్తాయి గానీ, మనం రాయాల్సింది అతి చిన్న నిష్పత్తి కాబట్టి రెండూ కొట్టేయాలి.

అల్యూమినియం +3, సల్ఫేట్ −2. ఆరు దగ్గర కలుస్తాయి: అల్యూమినియం రెండు, సల్ఫేట్ మూడు. సల్ఫేట్ అంటే ఎస్‌ఓ₄ మొత్తం ఒకే మూట. మూటలు ఒకటికి మించితేనే బ్రాకెట్: ఏఎల్₂(ఎస్‌ఓ₄)₃. బ్రాకెట్ తీసేసి రాయించి చూడండి, 4 పక్కన 3 చేరి నలభై మూడు ఆక్సిజన్లవుతాయి. పిల్లలు నవ్వుతారు, ఇక మరిచిపోరు.

తుల్యం చేసేముందు ప్రతి ఫార్ములా చుట్టూ పెన్సిల్‌తో డబ్బా గీయించండి. అంకె డబ్బా ముందే పడాలి. లోపల మారిస్తే పదార్థమే మారిపోతుంది. బురద నీళ్లు తేటపడేందుకు అల్యూమినియం సల్ఫేట్, సున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్) వేసినప్పుడు జరిగేది తీసుకోండి:

ఏఎల్₂(ఎస్‌ఓ₄)₃ + 3సీఏ(ఓహెచ్)₂ → 2ఏఎల్(ఓహెచ్)₃ + 3సీఏఎస్‌ఓ₄

ఎస్, ఓ అని విడివిడిగా లెక్కపెడితే తల తిరుగుతుంది. మూటలు లెక్కపెట్టాలి. ఎడమన సల్ఫేట్లు మూడు, అందుకే కుడిన కాల్షియం సల్ఫేట్ ముందు 3. కాల్షియంలు మూడైనాయి కనుక సున్నం ముందూ 3. ఓహెచ్‌లు అటు ఆరు, ఇటు ఆరు. మబ్బులా తేలే అల్యూమినియం హైడ్రాక్సైడే మట్టిని పట్టుకుని అడుగుకు దిగుతుంది.

ప్రశ్న: తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమానికి కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు అంటారు. సమీకరణంలో ఒకటికి ఒకటి ఉన్నందుకేనా సమాన తూకం?
– మామిడి రైతు, జగిత్యాల

జవాబు: కాదండీ.

సీయూఎస్‌ఓ₄ + సీఏ(ఓహెచ్)₂ → సీయూ(ఓహెచ్)₂ + సీఏఎస్‌ఓ₄

ఇందులో ఒకటికి ఒకటి అన్నది యూనిట్ల లెక్క, కిలోల లెక్క కాదు. మైలుతుత్తం పలుకులో ఒక్కో సీయూఎస్‌ఓ₄కు అయిదు నీటి అణువులుంటాయి. వాటితో కలిపి ఫార్ములా భారం 249.5. తడి సున్నానిది 74. అంటే కిలో మైలుతుత్తానికి లెక్క ప్రకారం దాదాపు 300 గ్రాముల సున్నం చాలు. బజారు సున్నంలో రాళ్లుంటాయి, గాలి తగిలి కొంత కార్బొనేట్ అయిపోతుంది. రాగి మిగిలితే ఆకు మాడుతుంది. అందుకే ఎక్కువ వేస్తారు.

చెరి యాభై లీటర్లలో విడిగా కరిగించి, మైలుతుత్తం నీళ్లనే సున్నపు నీళ్లలో పోయండి. తళతళలాడే ఇనుప కత్తి ముంచి చూడండి. ఎర్రపూత పడితే రాగి మిగిలినట్టే, ఇంకాస్త సున్నం కలపాలి. ఇనుప బకెట్ వద్దనేదీ ఇందుకే: ఎఫ్‌ఇ + సీయూఎస్‌ఓ₄ → ఎఫ్‌ఇఎస్‌ఓ₄ + సీయూ. ప్లాస్టిక్ డ్రమ్ము వాడండి, కలిపిన రోజే కొట్టేయండి.

ప్రశ్న: ఐరన్ క్లోరైడ్ పేరులో రోమన్ మూడు ఉంటే ఇనుములు మూడనా?
– విద్యార్థి, కరీంనగర్

జవాబు: అది ఇనుము ఆవేశం, +3. ఇనుము ఒకటే, క్లోరైడ్లు మూడు: ఎఫ్‌ఇసీఎల్₃. అదే ఇనుము ఆక్సైడ్‌లో ఉంటే ఎఫ్‌ఇ₂ఓ₃.