పాఠం మాన్పిస్తే సరిపోతుందా?

ప్రశ్న: పదకొండేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి పదేళ్లు, ప్రాథమిక బడిలో చివరి తరగతి. ఈ వేసవిలో లైంగిక విద్య పాఠాలు చెబుతామని బడి నుంచి ఉత్తరం వచ్చింది. ‘మన పిల్లకు ఏం చెప్పాలో వాళ్లెవరు నిర్ణయించడానికి?’ అంటూ మావారు ఆ పాఠాలు మాన్పిస్తానంటున్నారు. నాకు ఇష్టం లేదు. వారం రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. అసలు మాన్పించే హక్కు మాకుందా?

జవాబు: కొంత మేరకు ఉందమ్మా. ఇంగ్లండ్ ప్రభుత్వ బడుల్లో 2020 సెప్టెంబరు నుంచి ప్రాథమిక స్థాయిలో సంబంధాల విద్య, ఆరోగ్య విద్య తప్పనిసరి. కుటుంబం, స్నేహం, ఎవరైనా తాకరాని విధంగా తాకితే ఎవరికి చెప్పాలి వంటివి మొదటిదానిలో ఉంటాయి. ఎదిగే వయసులో శరీరంలో వచ్చే మార్పులు, నెలసరి రెండోదానిలో వస్తాయి. వీటినుంచి గానీ, సైన్సు పాఠాలనుంచి గానీ పిల్లను తప్పించే వీలు లేదు. వీటికి అదనంగా, గర్భం ఎలా వస్తుందో, బిడ్డ ఎలా పుడుతుందో చెప్పే లైంగిక విద్య పాఠాలను మాత్రం మీరు వద్దనవచ్చు. ప్రాథమిక బడిలో తల్లిదండ్రులు అలా అడిగితే హెడ్ టీచర్ ఒప్పుకోవలసిందే.

మీవారి మాటను తేలిగ్గా తీసేయకండి. తన కూతురికి ఇలాంటి సంగతులు ముక్కూమొహం తెలియనివారు చెబుతారంటే తండ్రికి గుబులు పుట్టడం సహజం. బహుశా ఆయనకు ఈ విషయాలు ఎవరూ చెప్పి ఉండరు. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే ‘ఇది ఇంట్లో చదువుకోండి’ అని మాస్టారు పేజీలు తిప్పేశారని ఎంతమంది నాతో చెప్పారో!

కానీ పాఠం మాన్పిస్తే ఏం జరుగుతుందో ఆయన్ను ఒక్కసారి ఆలోచించమనండి. ఆ గంటసేపు మీ అమ్మాయి వేరే గదిలో కూర్చుంటుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర స్నేహితురాళ్లు అంతా చెప్పేస్తారు, సగం తప్పుగా, సగం నవ్వుతూ. దానికంటే నన్ను భయపెట్టేది మరొకటి ఉంది. ఇది మా ఇంట్లో ఎత్తకూడని మాట అని ఆ పిల్ల మనసులో పడిపోతుంది. రేపు ఎవరైనా ఆమెతో తప్పుగా ప్రవర్తిస్తే, ఆ మాట ఇంటికి వచ్చి చెప్పడానికి నోరు రావాలి కదమ్మా!

మన ఆచారమే చూడండి. ఆడపిల్ల పెద్దమనిషి అయితే బంధువులందరినీ పిలుస్తాం, పట్టుచీర కడతాం, అక్షింతలు వేస్తాం, ఫొటోలు తీస్తాం. ఆ రక్తం ఎందుకు వచ్చిందో మాత్రం ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. పదేళ్లంటే ఆ రోజు మీ ఇంటికి ఎంతో దూరంలో లేదు.

కాబట్టి సంతకం చేసే ముందు మీ ఇద్దరూ కలిసి బడికి వెళ్లండి. ఏ బొమ్మలు చూపిస్తారు, ఏ మాటలు వాడతారు అని అడగండి. పాఠ్యసామగ్రిని తల్లిదండ్రులకు చూపించవలసిన బాధ్యత బడికి ఉంది. మీవారు కళ్లారా చూస్తే ఆయన ఊహించుకున్నదానికీ, అక్కడ ఉన్నదానికీ తేడా తెలుస్తుంది. చూశాక కూడా వద్దనిపిస్తే వద్దనండి, అది మీ హక్కు. అప్పుడు ఆ పాఠం ఇంట్లో మీరే చెప్పాలి, అదీ బడిలో పాఠం మొదలయ్యే లోపే.

ఎలాగూ నెలసరి గురించి ఆగవద్దు. ప్యాడ్ చేతికిచ్చి ఎలా వాడాలో చూపించండి. గర్భసంచి, నెలసరి అనే మాటలు తెలుగులోనే చెప్పండి, రేపు అమ్మమ్మతో ఫోనులో మాట్లాడడానికైనా పనికొస్తాయి. మీవారు అన్నీ వివరించనక్కర్లేదు. ‘ఏ సందేహం వచ్చినా అమ్మనైనా అడుగు, నన్నైనా అడుగు’ అని ఆయన నోటితో ఒక్క మాట అంటే చాలు.

ఇంకొకటి. వారం రోజుల గొడవ ఆ పిల్ల చెవిన పడకుండా ఉండదు. ఈ రాత్రి పక్కన పడుకోబెట్టుకుని, ఆమెకు ఇప్పటికే ఏం తెలుసో అడగండి.