నడుస్తున్న పాత్ర మోకాలు స్కర్టులోంచి పొడుచుకొస్తుంటే బ్లెండర్‌లో ఏ సెట్టింగు మార్చాలి?

త్రీడీ యానిమేషన్లు తయారుచేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో పాత్ర నడుస్తున్నప్పుడు మోకాలు స్కర్టులోంచి బయటికి పొడుచుకొస్తోందనీ, స్టిఫ్‌నెస్ (బట్ట బిరుసుతనం) ఎంత పెంచినా అది ఆగకపోగా బట్ట రబ్బరులా వణకడం మొదలుపెట్టిందనీ మీరు రాశారు. ఇదే చిక్కుతో ఒక చిన్న యానిమేషన్ పనిలో నేను రెండు వారాలు అవస్థ పడ్డాను. స్టిఫ్‌నెస్ బట్ట స్వభావాన్ని నిర్ణయిస్తుందే తప్ప బట్టకూ ఒంటికీ మధ్య అడ్డుగోడ కాదని అప్పుడే నాకు తెలిసివచ్చింది. అందుకే మీరు పెంచిన అంకెలన్నిటినీ ముందుగా పాత విలువలకు తెచ్చేయండి.

తరువాత పాత్ర కొలతలు చూడండి. నా పాత్ర ఎత్తు పొరపాటున 17 మీటర్లు ఉండిపోయింది. గురుత్వాకర్షణ మాత్రం మామూలుగా 9.81 దగ్గరే ఉంటుంది కనుక అంత పెద్ద స్కర్టు నీళ్ళలో తేలుతున్నట్టు నెమ్మదిగా కదిలేది. నేనేమో ఆ తప్పును డ్యాంపింగ్‌లో (కదలికను అణిచే అమరికలో) వెతుకుతూ కూర్చున్నాను. పాత్రను మనిషి ఎత్తుకు తెచ్చి, కంట్రోల్‌తో పాటు ‘ఏ’ మీట నొక్కి స్కేల్‌ను అప్లై చేయగానే, అంటే మార్చిన కొలతనే అసలు కొలతగా ఖాయం చేయగానే, బట్ట కదలిక చాలావరకు సహజంగా మారింది.

ఇక మోకాలి సంగతి. క్వాలిటీ స్టెప్స్ అనే అంకె ఒక్కో ఫ్రేమును ఎన్ని అంచెలుగా విడగొట్టి లెక్కకట్టాలో చెబుతుంది. మొదట అది 5 ఉంటుంది. మోకాలు సెకనుకు 2 మీటర్ల వేగంతో ముందుకు వస్తోందనుకుంటే, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఒక్కో ఫ్రేములో సుమారు 8.3 సెంటీమీటర్లు, ఒక్కో అంచెలో దాదాపు 1.7 సెంటీమీటర్లు జరుగుతుంది. క్లాత్ కొలిజన్‌లోని (బట్ట ఒంటికి తగలడాన్ని లెక్కకట్టే భాగంలోని) డిస్టెన్స్, అంటే ఒళ్ళు ఎంత దగ్గరైతే బట్టకు తెలియాలో చెప్పే దూరం, మొదట 0.015 మీటర్లు, అంటే 1.5 సెంటీమీటర్లు మాత్రమే. తాకబోతున్నట్టు బట్టకు తెలిసేలోపే మోకాలు ఆ దూరాన్ని దాటేస్తోందన్నమాట. స్టెప్స్‌ను 15 చేస్తే అంచెకు అర సెంటీమీటరు పైచిలుకు మాత్రమే జరుగుతుంది కనుక అడ్డుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. లెక్కకట్టే సమయం పెరుగుతుంది, నిజమే. కానీ ఈ ఖర్చు తప్పించుకోదగినది కాదని నా అభిప్రాయం. కొలిజన్ క్వాలిటీని కూడా 2 నుంచి 4 లేదా 5కు పెంచండి. మోడిఫయర్లంటే వస్తువు ఆకారంపై పైనుంచి కిందికి వరుసగా పనిచేసే అమరికలు. ఆ వరుసలో ఒంటికి పెట్టిన కొలిజన్ మోడిఫయర్, ఒంటిని కదిలించే ఎముకల అమరిక అయిన ఆర్మేచర్ కింద ఉండాలి, పైన ఉంటే నడిచే కాళ్ళు బట్టకు తెలియనే తెలియవు.

మెష్ (బట్ట ఆకారాన్నిచ్చే వల) విషయంలో చాలామంది గమనించనిది వర్టెక్స్ మాస్. అది బట్ట మొత్తం బరువు కాదు, ఒక్కొక్క వర్టెక్స్ (ఆ వలలోని బిందువు) బరువు. 0.3 కిలోల చొప్పున 2000 వర్టెక్సులున్న స్కర్టు 600 కిలోలవుతుంది. నునుపు కోసం దాన్ని ఒకసారి సబ్‌డివైడ్ చేస్తే (ఒక్కో గడిని నాలుగుగా చీలిస్తే) వర్టెక్సులతో పాటు బరువూ దాదాపు నాలుగింతలై, అదే స్టిఫ్‌నెస్‌తో బట్ట జోలెలా సాగిపోతుంది. అందుకని సబ్‌డివిజన్‌ను క్లాత్ మోడిఫయర్ కిందే ఉంచండి. మెష్‌నే చిక్కగా చేయవలసివస్తే మాస్‌ను నాలుగోవంతుకు తగ్గించి చూడండి.

ఇంత జరిగాకే బట్ట గుణం గురించి ఆలోచించాలి. టెన్షన్ పడుగు పేకల వెంబడి సాగకుండా పట్టి ఉంచుతుంది, షియర్ ఏటవాలు లాగుడును ఆపుతుంది, బెండింగ్ మడత ఎంత సులువుగా పడాలో చెబుతుంది. కంటికి అన్నిటికన్నా ఎక్కువ తేడా తెలిసేది బెండింగ్‌లోనే. సిద్ధంగా ఇచ్చిన అమరికలలో పట్టుకు అది 0.05, నూలుకు 0.5, డెనిమ్‌కు 10 ఉంటుంది. నా స్కర్టుకు నూలు అమరికతో మొదలుపెట్టి బెండింగ్‌ను 0.2కు తగ్గించినప్పుడు, అంచు దగ్గర బిరుసుగా గొడుగులా నిలిచిన బట్ట సన్నని కుచ్చిళ్ళుగా కిందికి జారింది. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. మీ స్కర్టు వణుకుకు మాత్రం స్టెప్స్ తక్కువగా ఉండి స్టిఫ్‌నెస్ ఎక్కువ కావడమే కారణమని నాకనిపిస్తోంది. అప్పటికీ వణుకు మిగిలితే డ్యాంపింగ్‌ను కొద్దికొద్దిగా పెంచండి.

పాత్ర మొదటి ఫ్రేములోనే నడకలో ఉంటే బట్ట కుదురుకోదు. చేతులు చాచి నిలబడిన భంగిమ నుంచి నడకలోకి రావడానికి 30 ఫ్రేములు అదనంగా ఇచ్చి, రెండర్‌లో (తుది చిత్రాలు తయారుచేసేటప్పుడు) వాటిని వదిలేయండి. సెల్ఫ్ కొలిజన్‌ను (బట్ట తనలోంచి తానే దూసుకుపోకుండా చూసేదాన్ని) అన్నిటికన్నా చివర ఆన్ చేయండి, అది లెక్కను బాగా నెమ్మది చేస్తుంది.

ఇంత చేసినా ఒకటి రెండు ఫ్రేములలో తొడ కనిపిస్తే మళ్ళీ సెట్టింగుల జోలికి వెళ్ళకండి. స్కర్టు కింద ఎలాగూ కనిపించని భాగాన్ని మాస్క్ మోడిఫయర్‌తో దాచి, దాన్ని కొలిజన్ కింద ఉంచితే చాలు: బట్టకు కాళ్ళు తగులుతూనే ఉంటాయి, చూసేవారికి మాత్రం అవి కనిపించవు.