కరోనా వచ్చినందుకే పాప తక్కువ బరువుతో పుట్టిందా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది విజయవాడ, అజిత్‌సింగ్ నగర్. 2021 మే నెలలో, ఏడో నెల గర్భంతో ఉన్నప్పుడు కరోనా వచ్చి ఇంట్లోనే తగ్గింది. కర్ఫ్యూ రోజులు కావడంతో భయపడి రెండు నెలలు పరీక్షలకు వెళ్లలేదు. జులైలో, 38 వారాలకు 2.2 కిలోల బరువుతో పాప పుట్టింది. కాన్పుకు ముందు హిమోగ్లోబిన్ 8.6 అని కార్డులో ఉంది. కరోనా వల్లే పాప చిన్నగా పుట్టిందని మా అత్తగారు అంటారు. ఇప్పుడు నాకు మళ్లీ మూడో నెల. ఈ బిడ్డ కూడా అలాగే పుడుతుందా? పాప ఇప్పటికీ సన్నగానే ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో బరువుకన్నా ముందు నేను వెతికింది వారాల లెక్క. పుట్టినప్పుడు 2.5 కిలోలకు తక్కువ ఉన్న బిడ్డలందరినీ మేము తక్కువ బరువు బిడ్డలనే అంటాం. అయితే 37 వారాలు నిండకుండా పుట్టినందువల్ల బరువు తగ్గడం వేరు, నెలలు నిండినా కడుపులో సరిగా ఎదగకపోవడం వేరు. మీ పాపది రెండో రకం.

కరోనా సోకిన గర్భిణుల్లో, ముఖ్యంగా జబ్బు ముదిరినవారిలో, నెలలు నిండకముందే కాన్పులు ఎక్కువయ్యాయని అనేక దేశాల అధ్యయనాలు చూపాయి. ఆ బిడ్డల్లో చాలామంది బరువు తగ్గింది ముందుగా పుట్టినందువల్లే. కొందరిలో మాత్రం మాయలో (కడుపులో బిడ్డకు తల్లి నుంచి పోషణ అందించే ప్లాసెంటాలో) రక్తప్రసరణ దెబ్బతిని, బిడ్డకు అందవలసిన ఆక్సిజన్, పోషకాలు తగ్గాయి. అందుచేత మీ అత్తగారి అనుమానం ఆధారం లేనిదని నేను అనను. కానీ ఇంట్లోనే తగ్గిపోయిన జ్వరంకన్నా, 11 గ్రాములు ఉండవలసిన హిమోగ్లోబిన్ 8.6కు పడిపోవడం మీద నాకు అనుమానం ఎక్కువ. కాన్పు నాడు మాయను పరీక్షకు పంపి ఉంటే తప్ప, ఇన్నేళ్ల తర్వాత ఇదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు. టీకా వేయించుకోలేదని కూడా బాధపడకండి. మన దేశంలో గర్భిణులకు దానికి అనుమతి వచ్చిందే 2021 జులై 2న.

మహమ్మారి వైరస్ సోకని తల్లులనూ వదలలేదు. అంగన్‌వాడీలో వేడివేడిగా వడ్డించే భోజనం ఆగి, సరుకు ఇంటికి వచ్చింది. ఇంటికి వచ్చిన సరుకు ఇంటిల్లిపాదికీ సర్దుకుపోతుందని వేరే చెప్పనక్కరలేదు. విచిత్రమేమిటంటే, 2020 లాక్‌డౌన్ తొలి నెలల్లో కొన్ని దేశాల్లో నెలలు నిండని కాన్పులు తగ్గాయి. 26 దేశాల్లోని 5 కోట్లకు పైగా కాన్పుల లెక్కలు తీసిన పరిశోధకులకు, ప్రధానంగా సంపన్న దేశాల్లో, 3 నుంచి 4 శాతం తగ్గుదల కనిపించింది. ఇంట్లో కూర్చున్నా జీతం అందినవారి సంగతి అది. కూలి పోయిన ఇళ్లకు దానిని అన్వయించడం సరికాదు.

బిడ్డ బరువులో అధిక భాగం చివరి మూడు నెలల్లోనే చేరుతుంది. నెదర్లాండ్స్‌లో 1944-45 చలికాలపు కరువులో, ఆ చివరి నెలల్లో తిండి కరవైన తల్లుల బిడ్డలు సగటున సుమారు 300 గ్రాములు తక్కువ తూగారు. మీరు పరీక్షలు మానింది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. వెళ్లి ఉంటే ఏఎన్‌ఎం టేపుతో పొట్ట ఎత్తు కొలిచేది. 24 వారాలు దాటాక ఆ సెంటీమీటర్లు దాదాపు వారాల సంఖ్యకు సరిపోవాలి. 32 వారాలప్పుడు టేపు 28 దగ్గరే ఆగితే అదే రోజు స్కానింగ్‌కు రాస్తాం. ఆ భయం మీ ఒక్కరిదే కాదు, ఆ రోజుల్లో ఊరంతటిదీ.

ఒకసారి బరువు తక్కువ బిడ్డ పుట్టిన తల్లికి మళ్లీ అలా జరిగే అవకాశం మిగతావారికన్నా కొంత ఎక్కువే, కానీ తప్పనిసరి కాదు. మీకు మూడో నెలే కాబట్టి సమయం చేతిలో ఉంది. ఈ వారమే హిమోగ్లోబిన్, బీపీ, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. గత కాన్పులో బీపీ పెరిగి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. తక్కువ మోతాదు ఆస్పిరిన్ అవసరమా కాదా అన్నది 16 వారాలలోపే నిర్ణయించాలి, సొంతంగా మాత్రం వేసుకోవద్దు. నాలుగో నెల నుంచి ఐరన్ మాత్రలు మొదలవుతాయి. వాటిని కాఫీ, టీలతోనూ, కాల్షియం మాత్రతోనూ కలపకుండా, నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే ఒంటికి పడతాయి. ఐరన్ వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందనీ, తక్కువ తింటే కాన్పు తేలికవుతుందనీ చెప్పే పెద్దలు మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంకా ఉన్నారు. రెండూ నిజం కావు, రెండోది ప్రమాదం కూడా. 28 వారాల తర్వాత బిడ్డ ఎదుగుదల చూసే స్కానింగ్ చేయించుకోండి. కదలికలు తగ్గినట్టు అనిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక పాప విషయం. నెలలు నిండి చిన్నగా పుట్టిన పిల్లల్లో అత్యధికులు రెండేళ్లు వచ్చేసరికి తోటివారిని అందుకుంటారు. సన్నగా కనిపించడం ఒక్కటే జబ్బు కాదు. అంగన్‌వాడీలో బరువు, ఎత్తు రెండూ కొలిపించి ఎదుగుదల చార్టులో గుర్తు పెట్టించండి. గీత పైకి సాగుతుంటే ఆందోళన వద్దు, ఎత్తు కూడా వెనకబడి ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. మీరు ఓపీకి వెళ్లేటప్పుడు కొత్త కార్డుతోపాటు 2021 నాటి పాత కార్డును కూడా సంచిలో పెట్టుకోండి; అందులోని ఖాళీ గడులు కూడా మీ డాక్టరుకు ఉపయోగపడతాయి.