పాతకాలపు ఫోర్డ్ కారు మోడల్ టీలో క్యామ్ టైమింగ్ ఒక్క గేరు పన్ను తప్పితే పవర్ ఎందుకు పడిపోతుంది?

వాల్వ్‌లు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో చూసేది క్యామ్‌షాఫ్టే కదా. పిస్టన్ కిందికి దిగి మళ్లీ పైకి లేవడం మొదలెట్టాక కూడా ఇన్‌టేక్ వాల్వ్ (గాలిని లోపలికి వదిలేది) కాసేపు తెరిచే ఉంటుంది. ఇంజన్ వేగంగా తిరుగుతుంటే పెట్రోలు కలిసిన గాలి ఆ ఊపులో ఇంకాస్త లోపలికి దూరుతుంది, నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం పిస్టన్ దాన్ని వచ్చిన దారినే వెనక్కి నెట్టేస్తుంది. మోడల్ టీది 2.9 లీటర్ల ఇంజన్, ఇచ్చేది 20 హార్స్‌పవరే, అదీ నిమిషానికి 1,600 చుట్ల (ఆర్‌పీఎమ్) దగ్గర. అంటే ఎప్పుడూ నెమ్మదే. అందుకే క్యామ్‌ను తిప్పే గేర్ల మీది గుర్తులు కలపకుండా దాన్ని ఒక పన్ను వెనక్కి బిగిస్తే, ఇన్‌టేక్ వాల్వ్ ఇంకా ఆలస్యంగా మూసుకుంటుంది; దాంతో అసలే తక్కువ కంప్రెషన్ (లోపలి గాలిని పిస్టన్ నొక్కే ఒత్తిడి) ఇంకా తగ్గి, బండి ఎత్తు ఎక్కలేక రొప్పుతుంది. అన్నట్టు, స్టీరింగ్ కింద ఎడమవైపు లివర్ స్పార్క్ టైమింగ్‌ది (నిప్పురవ్వ ఎప్పుడు పడాలో సర్దేది), దాన్ని ఎంత జరిపినా ఇది సర్దుకోదు.