సగటు ధర 16,000 అంటే, అది ఎవరికి వచ్చినట్టు?

ప్రశ్న: సార్, హన్మకొండల డిగ్రీ ఫస్టియర్ చదువుతున్న. స్టాటిస్టిక్స్‌ల మీన్, మీడియన్, మోడ్ ఫార్ములాలు నోటికొచ్చు గని ఏది ఎప్పుడు వాడాల్నో తెల్వదు. మూడూ సగటులే అయితే మూడెందుకు?

జవాబు: తమ్మీ, ఫార్ములా పక్కన పెట్టు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోదాం. ఐదుగురు రైతులు తలా ఒక క్వింటా మిర్చి తెచ్చిన్రు అనుకో, క్వింటాకు పడ్డ ధరలు 14,000, 14,000, 14,500, 15,000, 22,500 (లెక్క కోసం నేను వేసుకున్న అంకెలే, ఇయ్యాల్టి రేటనుకొని బస్తాలెత్తుకొని పోకున్రి). కూడితే 80,000, ఐదుతో భాగిస్తే 16,000, ఇది మీన్. ఇప్పుడు ఎవరన్నా సగటున 16,000 పలికింది అంటే అబద్ధమేం కాదు, కానీ ఐదుగురిల నలుగురికి అంత రాలే, ఆ ఒక్క 22,500 మొత్తం లెక్కను పైకి గుంజింది. అదే ధరలను వరుసగ పెట్టి నడుమది చూస్తే 14,500, అది మీడియన్, చివరి ధర 22,500 కాదు 40,000 అయినా ఇది కదలదు. అందుకే జీతాలు, ప్లాట్ల రేట్లు, అంటే ఒకరిద్దరు మస్తు పైన ఉండే చోట, నేనైతే ముందు మీడియనే అడుగుత. మోడ్ అంటే ఎక్కువసార్లు వచ్చింది, ఇక్కడ 14,000. చెప్పుల దుకాణపాయనకు ఏ సైజు ఎక్కువ పోతదో కావాలె, సగటు సైజు 7.3 అని తెలిస్తే ఏం జేసుకుంటడు?

అట్లని మీన్‌ను తీసిపారేయకు. మొత్తం పైసలెన్నో కావాలంటే మీన్‌ను మందితో గుణిస్తే వచ్చేస్తది, మీడియన్‌తో ఆ పని కాదు. ఇంకోటి, 22,500 వింతగ కనబడంగనే కొట్టేయొద్దు, రాసేటప్పుడు తప్పు పడ్డదా, తేజ రకం మిర్చి బస్తాల నడుమ వేరే రకం బస్తా కలిసిందా చూడాలె, కారణం దొరికినంకనే తీసుడు.

ప్రశ్న: స్టాండర్డ్ డీవియేషన్‌ల వర్గం ఎందుకు చేస్తరు? మా లెక్చరర్ ఒకసారి ఎన్‌తో (అంకెలెన్నున్నయో ఆ సంఖ్యతో), ఇంకోసారి ఎన్ మైనస్ ఒకటితో భాగిస్తరు. ఏది కరెక్ట్? – మహబూబాబాద్ విద్యార్థిని

జవాబు: రెండూ కరెక్టేనమ్మా. స్టాండర్డ్ డీవియేషన్ అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నయో చెప్పే కొలత. పై ధరలే తీసుకో, 16,000 నుంచి తేడాలు మైనస్ 2,000, మైనస్ 2,000, మైనస్ 1,500, మైనస్ 1,000, ప్లస్ 6,500. కూడి చూడు, సున్నా వస్తది, ఏ లెక్కకైనా అంతే, మీన్ ఉన్నదే ఆ నడుమ. అందుకే వర్గం చేసి మైనస్‌లు పోగొట్టి, సగటు తీసి, మళ్ళ వర్గమూలం తీస్తరు, లేకపోతే జవాబు రూపాయలల్ల రాదు. ఐదుతో భాగిస్తే సుమారు 3,271, నాలుగుతో భాగిస్తే 3,657.

మనకు కావాల్సింది ఆ ఐదుగురే అయితే ఐదుతో భాగించు. అట్లగాక మార్కెట్‌ మొత్తం సంగతి ఈ ఐదుగురిని చూసి అంచనా వేస్తున్నమంటే వీళ్ళు శాంపిల్, అప్పుడు నాలుగు. ఎందుకంటే అసలు మార్కెట్ సగటు మనకు తెల్వదు, ఈ ఐదింటి నుంచే తీసిన సగటు ఈ ఐదింటికే బాగ దగ్గర ఉంటది కాబట్టి తేడాలు ఉండాల్సిన దానికంటే తక్కువ కనబడతయి, ఆ లోటు సర్దడానికే చిన్న సంఖ్యతో భాగిస్తం. పైగా మొత్తం సున్నా కావాలె కదా, నాలుగు తేడాలు తెలిస్తే ఐదోది తనంతట తనే వచ్చేస్తది, స్వేచ్ఛ నాలుగింటికే, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అనేది దీన్నే. ఎక్సెల్‌ల కూడా రెండు ఫంక్షన్లుంటయి, చివర పీ ఉంటే మొత్తానికి, ఎస్ ఉంటే శాంపిల్‌కు.

ప్రశ్న: ఈ సబ్జెక్ట్‌ల మన తెలుగోళ్ళు ఎవరన్న ఉన్నరా?

జవాబు: సి.ఆర్. రావు గారు లేరా! ఆంధ్రా యూనివర్సిటీల గణితం చదివి కోల్‌కతా పోయిన్రు. ఏ అంచనా అయినా ఎంతవరకు కచ్చితంగ ఉండగలదో హద్దు చెప్పే క్రామర్-రావు సిద్ధాంతం ఆయన 1945ల రాసిన పేపర్‌లదే. 2023ల, 102 ఏండ్ల వయసుల, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది, అదే ఏడు ఆగస్టుల పోయిన్రు.

ప్రశ్న: కోరిలేషన్ 0.9 వచ్చిందంటే ఒకటి ఇంకోదానికి కారణమనే కదా? – ములుగు

జవాబు: కాదు. కోరిలేషన్ అంటే రెండు సంగతులు ఎంత కలిసి నడుస్తయో చెప్పే అంకె, అంతే. కూలర్లు బాగ అమ్ముడుపోయే నెలల్లనే ఎనుమాములకు మిర్చి కూడ బాగ వస్తది, అట్లని కూలర్ కొంటే మిర్చి పండదు గద, రెండూ ఎండకాలం పనులు. పైగా ఆ అంకె సరళరేఖ లెక్కన కలిసి నడిచే సంబంధాన్నే పట్టుకుంటది, వంకర సంబంధమైతే సున్నా కూడ చూపించొచ్చు, అందుకే ముందు గ్రాఫ్ గీసి చుక్కలు చూడున్రి.