విమానం వైరింగ్‌కి ఏం కొనాలి? నా అనుభవంలో ముందు మంచి క్రింపర్

మీరు ఆర్‌వీ-7 (ఇంట్లోనే కట్టుకునే చిన్న విమానం) కిట్ కడుతున్నానని, రెక్కలు, ఫ్యూజలాజ్ (విమానం మొండెం) పూర్తయ్యాయని, ఇక వైరింగ్ మొదలుపెట్టాలని రాశారు. కార్ల విడిభాగాల షాపులో దొరికే వైరు, వైరు చివర టెర్మినల్ (లోహపు కొన) పెట్టి నొక్కడానికి ఇంట్లో ఉన్న క్రింపింగ్ ప్లయర్ సరిపోతాయా అని అడిగారు. నేను టెక్సస్‌లో మా గరాజ్‌లో ఆర్‌వీ-9ఏ కట్టాను. వైరు విషయంలో మొదటి నుంచీ జాగ్రత్తగానే ఉన్నాను, టూల్ దగ్గర మాత్రం పొదుపు చేశాను. దాని ఫలితం గాల్లో తెలిసింది.

పరీక్షల కోసం ఎగరాల్సిన 40 గంటల్లో 34వ గంట నడుస్తోంది. 14.2 వోల్టులు చూపించాల్సిన మీటర్ 12.5కి పడిపోయింది. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఆగిపోయిందని అర్థమైంది. నా ఇంజిన్‌కి స్పార్క్ సొంతంగా పుట్టించే మాగ్నెటోలు ఉన్నాయి కాబట్టి కరెంటు లేకపోయినా అది ఆగదు. అయినా చాలా టెన్షన్ పడ్డాను. అవసరం లేనివన్నీ ఆపేసి, బ్యాటరీ మీదే వెనక్కి వచ్చి దిగాను. కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) తీసి చూస్తే ఆల్టర్నేటర్ పనిచేయడానికి కరెంటు ఇచ్చే ఫీల్డ్ వైరు టెర్మినల్‌లోంచి ఊడి వేలాడుతోంది. పక్కనున్న ఇంకో వైరును రెండు వేళ్లతో లాగితే అదీ వచ్చేసింది. హార్డ్‌వేర్ షాపులో కొన్న మామూలు ప్లయర్‌తో నొక్కిన టెర్మినల్స్ అవి. ఆ ప్లయర్‌తో ఎంత బలంగా నొక్కాలన్నది పూర్తిగా మన చేతి మీదే ఆధారపడి ఉంటుంది. ఉదయం నొక్కినదీ, రాత్రి పదింటికి అలిసిపోయి నొక్కినదీ ఒకలా ఉండవు. రాచెట్ ఉన్న క్రింపర్ అయితే పూర్తిగా నొక్కేదాకా పట్టు వదలదు. తర్వాత మూడు వారాంతాలు కూర్చుని ఒక్కొక్క టెర్మినల్ కోసి మళ్లీ వేశాను.

అందుకే నా సలహా: డబ్బు ముందు రాచెట్ క్రింపర్‌కీ, మంచి టెర్మినల్స్‌కీ పెట్టండి. టెర్మినల్స్‌లో ఏఎంపీ వాళ్ల పీఐడీజీ రకం తీసుకోండి. వాటి ప్లాస్టిక్ తొడుగు లోపల ఇంకో లోహపు గొట్టం ఉంటుంది. టూల్ ఒకేసారి రెండు చోట్ల నొక్కుతుంది: ఒకటి రాగి పోగుల మీద, రెండోది వైరు తొడుగు మీద. ఇంజిన్ అదురు పోగుల దాకా పోకుండా ఆపేది ఆ రెండో పట్టే. టెర్మినల్ రంగు వైరు గేజ్‌ని (లావుని) చెబుతుంది, గేజ్ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం: ఎరుపు 22 నుంచి 16 గేజ్‌కి, నీలం 16-14కి, పసుపు 12-10కి. క్రింపర్ డై (నొక్కే దవడ) ఇలా తొడుగున్న, ఇన్సులేటెడ్ టెర్మినల్స్‌కి చేసినదేనా అని చూసి కొనండి. రేడియో, ఇంటర్‌కామ్ వెనకుండే డీ-సబ్ కనెక్టర్లకు ఇది పనికిరాదు. వాటి పిన్నులకు నాలుగు వైపుల నుంచి నొక్కే వేరే క్రింపర్ కావాలి. అది మీకు కొద్ది రోజుల పనే కాబట్టి దగ్గర్లోని ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం) చాప్టర్‌లో అడగండి. నేను మా చాప్టర్ సభ్యుడి దగ్గర అరువు తీసుకున్నాను.

టూల్ రాగానే విమానం జోలికి వెళ్లకండి. ముక్క వైర్ల మీద పది టెర్మినల్స్ వేసి, స్ప్రింగ్ కాటాకు తగిలించి లాగండి. 22 గేజ్ వైరు కనీసం 15 పౌండ్లు తట్టుకోవాలి, 18 గేజ్ 38 పౌండ్లు. తొడుగు ఒలవడానికి చాకు వాడొద్దు. పోగుల్లో రెండు తెగినా అక్కడి నుంచే విరగడం మొదలవుతుంది. విమానం వైరుకుండే టెఫ్‌జెల్ అనే ప్లాస్టిక్ తొడుగు గట్టిగా, జారుడుగా ఉంటుంది కాబట్టి దానికి సరిపడే బ్లేడ్లున్న స్ట్రిప్పర్ తీసుకోండి.

ఇక వైరు. కార్ల షాపు వైరుకి సాధారణంగా పీవీసీ తొడుగు ఉంటుంది. అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్‌తో దట్టమైన పొగ వస్తుంది. ఇద్దరు కూర్చునే చిన్న కాక్‌పిట్‌లో ఆ పొగ మధ్య విమానం దింపడం ఊహించుకోండి. 1998లో స్విస్ఎయిర్ 111 కెనడా తీరంలో కూలి 229 మంది చనిపోయారు. వైరు దగ్గర పుట్టిన ఆర్కింగ్‌తోనే (కరెంటు నిప్పురవ్వలతోనే) మంట మొదలై ఉంటుందని అక్కడి దర్యాప్తు తేల్చింది. పైకప్పులోని ఇన్సులేషన్ దుప్పట్లు ఆ మంటను పాకించాయి. కట్టేటప్పుడు ఈ ప్రమాదం నా మనసులో ఎప్పుడూ ఉండేది. మీరు అడగాల్సింది ఎమ్22759/16 అనే వైరు: టిన్ పూత పూసిన రాగి పోగులు, టెఫ్‌జెల్ తొడుగు, 150 డిగ్రీల సెల్సియస్ దాకా, 600 వోల్టుల దాకా పనికొస్తుంది. యాంటెన్నాలకు ఆర్‌జీ-58 కేబుల్ బదులు ఆర్‌జీ-400 వాడండి.

వైరు లావు ఎంత ఉండాలన్నది అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చిన ఏసీ 43.13-1బి అనే మార్గదర్శకం 11వ అధ్యాయంలో ఉంది. ఉచితంగా దొరుకుతుంది, తప్పకుండా చదవండి. 14 వోల్టుల విమానంలో ఎప్పుడూ నడిచే సర్క్యూట్‌లో అర వోల్టు కన్నా ఎక్కువ పోకూడదు. ఉదాహరణకు పిటో హీటర్ (వేగం కొలిచే గొట్టంలో మంచు పట్టకుండా వేడిచేసేది) 10 ఆంపియర్లు తీసుకుంటుంది, వైరు 15 అడుగులు అనుకోండి. 18 గేజ్ వేస్తే దాదాపు 0.9 వోల్టు వైరులోనే పోతుంది, 14 గేజ్ అయితే అర వోల్టులోపు. బ్రేకర్ కాపాడేది పరికరాన్ని కాదు, వైరును. 22 గేజ్‌కి 5 ఆంపియర్లు, 20కి 7.5, 18కి 10 మించొద్దు. నేను వాడిన వైరులో ఎక్కువ భాగం 22, 20, 18 గేజులే.

రేకు రంధ్రంలోంచి వైరు వెళ్లే ప్రతిచోటా గ్రామెట్ (అంచు కోయకుండా ఆపే రింగు) పెట్టండి. వైర్ల కట్టను ఆడెల్ క్లాంపులతో (మెత్తని పొర ఉన్న లోహపు పట్టీలతో) పట్టించండి, ఇంధనపు గొట్టానికి మాత్రం కట్టకండి. రెండు చివర్లా నంబరు ముద్రించిన హీట్‌ష్రింక్ (వేడికి బిగుసుకునే తొడుగు) వేయండి. మా ఇంట్లో ఈ పని మా అమ్మాయి చేసింది, ఆ రోజు ఫీల్డ్ వైరును వెంటనే గుర్తుపట్టగలిగింది ఆ నంబరు వల్లే. ప్యానెల్ మూసేముందు ఈఏఏ టెక్నికల్ కౌన్సెలర్‌ని పిలిచి చూపించండి, డబ్బులేమీ తీసుకోరు.

స్టార్టర్ కేబుల్ సంగతి బ్యాటరీ ఎక్కడుందన్న దాన్ని బట్టి మారుతుంది. మీది ఎక్కడ పెడుతున్నారో, ఏ ఆల్టర్నేటరో రాయండి, కలిసి లెక్క వేద్దాం.